ఫ్రాన్స్ చీజ్, అమెరికా విత్తనం, మన జహీరాబాద్

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక బర్గర్ షాపుతో మొదలుపెడదాం. కంగారు పడకండి, తిరిగి జహీరాబాద్‌కే వస్తాం.

1999 ఆగస్టు 12. ఫ్రాన్స్‌లో మియో అనే చిన్న టౌను. అక్కడ మెక్‌డొనాల్డ్స్ కొత్త షాపు కడుతున్నారు. జోసే బోవే అనే గొర్రెల రైతు, ఇంకొంతమంది రైతులు కలిసి వచ్చి, పట్టపగలు అందరూ చూస్తుండగానే ఆ షాపును ఊడదీశారు. ఈ కేసులో బోవే తర్వాత జైలుకి కూడా వెళ్ళాడు.

బర్గర్ మీద అంత కోపం ఎందుకు? హార్మోన్లు ఎక్కించిన పశువుల మాంసం మాకొద్దని యూరప్ 1989లోనే అమెరికా మాంసాన్ని ఆపేసింది. అమెరికా ఈ గొడవని ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా తీసుకెళ్ళి గెలిచింది. యూరప్ అయినా వినలేదు. దాంతో 1999లో అమెరికా కొన్ని యూరప్ సరుకుల మీద 100 శాతం సుంకం వేసింది. అందులో రోక్‌ఫోర్ చీజ్ ఒకటి. అది గొర్రె పాలతో చేస్తారు. ఆ పాలు పోసేది బోవే లాంటి రైతులే. అంటే ఆ కోపం పొట్ట మీద కొడితే వచ్చిన కోపం.

జన్యుమార్పిడి విత్తనాల విషయంలో కూడా ఇదే కథ. 1998 నుంచి కొన్నేళ్ళు యూరప్ కొత్త వాటికి అనుమతులే ఇవ్వలేదు. 2003లో అమెరికా మళ్ళీ కేసు వేసింది.

ఓకే, ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. యూరప్‌కి పెద్ద మార్కెట్ ఉంది, గట్టి ప్రభుత్వాలున్నాయి. వద్దంటే చెల్లుతుంది. మరి రెండెకరాల ఎర్రనేల ఉన్న మన రైతు వద్దంటే ఎవరు వింటారు?

1999లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'విజన్ 2020' వచ్చింది. ఆ డాక్యుమెంట్ తయారీలో అమెరికా కన్సల్టింగ్ కంపెనీ మెకిన్సే ఉంది. భూమి మీద బతికేవాళ్ళు 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గాలన్నది అందులో ఒక లెక్క. ఆ మిగతా జనం ఎక్కడికి పోవాలి?

2001 జూన్ చివర్లో, మన పాత మెదక్ జిల్లాలో, 'ప్రజాతీర్పు' అని ఒక జ్యూరీ కూర్చుంది. కోర్టు కాదు. జడ్జీలు చిన్న రైతులు, ఎక్కువమంది ఆడవాళ్ళు. సుప్రీంకోర్టు రిటైర్డ్ జడ్జి పి.బి. సావంత్ పర్యవేక్షణ. మూడు రకాల భవిష్యత్తులని వీడియోలు చేసి వాళ్ళకి చూపించారు. సాక్షులు వచ్చి మాట్లాడారు, రైతులు ఎదురు ప్రశ్నలు వేశారు. చివరికి తీర్పు: 70 నుంచి 40కి తగ్గించడం వద్దు, కాంట్రాక్టు సేద్యం వద్దు, బీటీ పత్తితో సహా జన్యుమార్పిడి పంటలు వద్దు. మా విత్తనం, మా తిండి మా చేతిలో ఉండాలి.

ఈ తీర్పు లండన్‌లో కూడా గొడవ రేపింది. ఎందుకంటే అప్పట్లో మన రాష్ట్రానికి పెద్ద ఎత్తున సాయం చేస్తున్నది బ్రిటన్! అమెరికా మీద యూరప్ జనానికి కోపం ఉండొచ్చు. కానీ యూరప్ ప్రభుత్వాలు మన దగ్గర చేసింది వేరే.

2002 మార్చిలో బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది. టెక్నాలజీ అమెరికా కంపెనీ మోన్‌శాంటోది. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. రైతులు మోసపోయి కొన్నారు అనుకోవద్దు. కాయతొలుచు పురుగు అప్పటికే వరంగల్ రైతుల ప్రాణాలు తోడేసింది. మందు కొట్టీ కొట్టీ విసిగిపోయిన మనిషి కొత్త విత్తనం కొంటాడు. అయితే హైబ్రిడ్ కాబట్టి ప్రతి ఏడాదీ మళ్ళీ కొనాలి. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను కదా, నాకు అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, విత్తనం సబ్‌స్క్రిప్షన్ అయిపోయింది.

జహీరాబాద్ పక్కనే ఉన్న పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. దాని సంఘాల్లోని దళిత మహిళలు కెమెరా పట్టుకుని వరంగల్ వెళ్ళారు, బీటీ వేసి నష్టపోయిన రైతులతో మాట్లాడి 2003లో సినిమా తీశారు. చాలామంది స్కూలు మొహం కూడా చూడనివాళ్ళు!

ప్రభుత్వం కూడా ఊరుకోలేదు. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలు పైనే ఉండేది, అందులో ఎక్కువ భాగం రాయల్టీ. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మోన్‌శాంటో మీద గుత్తాధిపత్య కేసు వేసింది. ధర 750కి దిగింది. ఒక రాష్ట్రం గట్టిగా నిలబడితే అమెరికా కంపెనీ తగ్గింది.

మరి గెలిచామా? ఇవాళ తెలంగాణలో పత్తి అంటే దాదాపు అంతా బీటీనే. ఇంకో ట్విస్ట్ కూడా ఉంది. 2018లో మోన్‌శాంటోని సుమారు 63 బిలియన్ డాలర్లకి కొన్నది జర్మనీ కంపెనీ బేయర్. యూరప్ తిట్టిన కంపెనీ ఇప్పుడు యూరప్‌దే!

అందుకే నాకు అర్థమైంది ఇది. కోపం దేశం మీద పెట్టుకుంటే ఎటూ తేలదు. మన ఇళ్ళలోనే చూడండి, అమెరికా మీద తిట్లూ, అమెరికా వీసా మీద ఆశా ఒకే హాల్లో కూర్చుంటాయి. జెండా మారినా పెత్తనం మారదు. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: నిర్ణయం ఎవరి చేతిలో ఉంది?

పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్ళలో సంఘం ఆడవాళ్ళు జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది విత్తనాలు ఇంట్లోనే దాచుకుంటారు. బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో పెడతారు. విత్తనం అమ్మరు. అప్పుగా ఇస్తే, పంటొచ్చాక ఎక్కువ కొలిచి తిరిగి తీసుకుంటారు. ఏటా సంక్రాంతి వేళ ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతర తీస్తారు. బోవే షాపు ఊడదీశాడు. వీళ్ళు బుట్ట నింపుకున్నారు.

ఈసారి ఊరెళ్తే మీ అమ్మమ్మనో నాయనమ్మనో ఒకటి అడగండి: మన ఇంట్లో చివరిసారి సొంత విత్తనం ఎప్పుడు వేశాం? జవాబు కామెంట్‌లో రాయండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.