మడత చాకు కొనేముందు: ఊగని లాకును గుర్తుపట్టడం ఎలా?

దేవనహళ్ళి చుట్టుపక్కల తరతరాలుగా స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల్లో మడత చాకు లేని ఇల్లు తక్కువే. తోటకు వెళ్ళే పెద్దాయన జేబులో ఒకటి, బండి డిక్కీలో ఒకటి, దేవుడి గూట్లో కొబ్బరి పీచు తీయడానికి ఇంకొకటి ఉంటాయి. అయినా కొనేటప్పుడు మనం చూసేది పదును, ధర. లాకు సంగతి ఎవరూ అడగరు.

మా సంఘం సభ్యులలో ఒక పెద్దాయన ఇంటి వెనుక చెట్టు చకోతపండు కోస్తుండగా చాకు ఉన్నట్టుండి మడుచుకుపోయి చూపుడు వేలు తెగింది. నాలుగు కుట్లు పడ్డాయి. ఆ చాకు మేమూ చూశాం. పదునుకు లోటు లేదు, పిడి కూడా బాగుంది. తెరిచి పట్టుకుంటే మాత్రం బ్లేడు పైకీ కిందకీ లొడలొడలాడుతోంది. రెండేళ్ళుగా అలాగే ఉందట. తరువాతి సమావేశంలో నలుగురైదుగురు తమ చాకులు తెచ్చి ఇది పనికొస్తుందా అని అడిగారు. అందుకే మాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాం.

ముందుగా ఒక విషయం. కోసేటప్పుడు మనం నొక్కే ఒత్తిడి బ్లేడును తెరుచుకునే వైపే నెడుతుంది. అప్పుడు లాకుకు పెద్దగా పని ఉండదు. మొనతో పొడిచినప్పుడు, ఇరుక్కున్న బ్లేడును అటూ ఇటూ తిప్పి లాగినప్పుడు, బ్లేడు వీపు మీద, అంటే పదును లేని వైపు, ఒత్తిడి పడుతుంది. లాకు అవసరం ఆ క్షణానికే. చకోత తొక్క మందం, లోపల బూరుగుదూదిలా మెత్తన. అందులో మొన ఇరుక్కుంటుంది. పెద్దాయన విషయంలో జరిగింది అదే.

ఇక ఊపు సంగతి. ఊపు రెండు రకాలు, రెండింటినీ ఒకే గాట కట్టకూడదు. బ్లేడు పక్కలకు, అంటే కుడి ఎడమలకు కదిలితే, అది తిరిగే ఇరుసు వదులైందని అర్థం. స్క్రూ ఉన్న చాకయితే పావు వంతు తిప్పితే సరిపోతుంది. రివెట్టు కొట్టిన చాకయితే కమ్మరి దగ్గర రెండు చిన్న సుత్తి దెబ్బలతో బిగుసుకుంటుంది. ఇది జబ్బు కాదు, జలుబు. బ్లేడు పైకీ కిందకీ కదిలితే మాత్రం లాకు ముక్క, బ్లేడు మొదలు కలిసే చోటు అరిగిందని, లేదా మొదటినుంచే సరిగా కుదరలేదని అర్థం. ఎంత స్క్రూ బిగించినా అది పోదు. ఇంట్లో బాగుచేసేది కాదు. కొత్త చాకులో ఈ ఊపు కనిపిస్తే ఎంత చవకైనా తిరిగి ఇచ్చేయండి.

దుకాణంలోనే చూసుకునే పద్ధతి ఇది. చాకు పూర్తిగా తెరవండి. లాకు పడిన చప్పుడు ఒక్కటిగా, గట్టిగా వినిపించాలి. ఎడమ చేత్తో పిడిని బిగించి పట్టుకుని, కుడి చేతి బొటనవేలు, చూపుడు వేళ్ళతో బ్లేడును మొన దగ్గర రెండు పక్కల నుంచి పట్టుకోండి. పదును వైపు వేలు పోకూడదు. ముందు పక్కలకు, తరువాత పైకీ కిందకీ మెల్లగా కదపండి. కంటికి కనిపించకపోయినా పిడి పట్టిన వేళ్ళకు చిన్న టిక్కు టిక్కు తెలుస్తుంది. తరువాత వేళ్ళు బ్లేడు మడిచే దారిలో లేకుండా పిడిని పట్టుకుని, బ్లేడు వీపును చెక్క బల్ల అంచుకు ఆనించి నెమ్మదిగా నొక్కండి. లాకు జారకూడదు. కొందరు వీపును బల్లకేసి టపటపా కొట్టి చూస్తారు. అలా కొడితే మంచి లాకు కూడా పాడవుతుంది, వద్దు. ఒక్కసారి తెరిచి చూస్తే చాలదు, పదిసార్లు తెరిచి మూసి మళ్ళీ కదపండి. అంగడివాడు విసుక్కుంటే విసుక్కోనీండి.

లాకు రకాలు తెలిస్తే ఎంచుకోవడం సులువు. అసలు లాకే లేనివి కొన్ని ఉన్నాయి. స్ప్రింగు బలం మీదే బ్లేడు నిలబడుతుంది. వీటిని స్లిప్ జాయింట్ అంటారు. విక్టోరినాక్స్ వారి ఎర్రపిడి చిన్న చాకుల్లో ఎక్కువ భాగం ఇవే. వారి 111 మిల్లీమీటర్ల పెద్ద రకాల్లో చాలావాటికి లాకు ఉంటుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఫైళ్ళ ట్యాగులు కోయడానికి, పెన్సిల్ చెక్కడానికి మా బల్ల సొరుగులో ఉన్నది లాకు లేని చాకే. కాగితం పనికి అది చాలు, తోట పనికి చాలదు.

పిడి వీపు మీద నొక్కితే విడిచేది బ్యాక్ లాక్. అమెరికాలో బక్ కంపెనీ 1960లలో తెచ్చిన 110 రకంతో దీనికి పేరు వచ్చింది. బలమైనదే, కానీ చవక రకాల్లో పైకీ కిందకీ ఊపు ఎక్కువగా కనిపించేది ఇందులోనే. లాకు గాడిలో మట్టి, పండు గుజ్జు చేరితే ముక్క పూర్తిగా దిగదు. పెద్దాయన చాకు ఈ రకమే. గాడిలో ఎండిపోయిన గుజ్జు గుండుసూదితో గీకితే ఊడి వచ్చింది.

ఇప్పుడు అంగళ్ళలో ఎక్కువగా దొరికేది లైనర్ లాక్. పిడి లోపలి పల్చటి రేకు పక్కకు జరిగి బ్లేడు మొదలుకు వెనకాల అడ్డుపడుతుంది. 1980లలో మైకేల్ వాకర్ అనే అమెరికా చాకుల తయారీదారు దీన్ని మెరుగుపరిచాడు. తెరిచాక ఆ రేకు బ్లేడు మొదలు మీద ఎక్కడ ఆగిందో చూడండి. మొదటి సగంలో ఆగితే మంచిది, అరుగుదలకు ఇంకా చోటుంది. అవతలి అంచుదాకా పోయి ఉంటే దాని ఆయుష్షు అయిపోయినట్టే. రేకు బదులు పిడి లోహమే అడ్డుపడితే ఫ్రేమ్ లాక్ అంటారు. ఇది మరింత గట్టిది, ధర కూడా ఎక్కువే.

మా మొగ్గు మాత్రం ఉంగరం లాకుకు. ఫ్రాన్సులో 1890 నుంచి తయారవుతున్న ఒపినెల్ చాకుకు 1955లో ఈ ఉంగరం చేర్చారు. 2000 నుంచి మూసినప్పుడు కూడా ఉంగరం తిప్పి బిగించవచ్చు. తెరిచి ఉంగరం తిప్పితే బ్లేడుకు అడ్డం పడుతుంది. కొంచెం అరిగినా ఇంకాస్త తిప్పితే మళ్ళీ బిగుసుకుంటుంది. ఎనిమిదో నంబరు బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, ఇంటికీ తోటకూ సరిపోతుంది. లోపం లేకపోలేదు. పిడి చెక్క కాబట్టి వానాకాలంలో ఉబ్బి తెరవడం కష్టమవుతుంది. ఉంగరం తిప్పడం మరిచిపోతే అది లాకు లేని చాకే. చకోత, నిమ్మ లాంటి పుల్లటి పండ్లు కోసేవారు కార్బన్ స్టీలు కాకుండా స్టెయిన్‌లెస్ బ్లేడు తీసుకోవాలి. లేకపోతే నల్లబడి తుప్పు పడుతుంది.

సినిమాల్లో చూసిన రాంపురి చాకు గురించి కుర్రాళ్ళు అడుగుతుంటారు. అది ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ పనితనం. అక్కడ ఒక కూడలిలో పెద్ద చాకు బొమ్మే నిలబెట్టుకున్నారు. ఇంటి పనికి మాత్రం మేము సిఫారసు చేయం. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడు ఉన్న కత్తులు ఆయుధాల పట్టికలోకి వస్తాయి. ఇంటికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. మూడున్నర అంగుళాల చాకుతో పోయేదానికి ఆ గొడవ మనకెందుకు?

మన ఊళ్ళో 2008లో విమానాశ్రయం తెరిచినప్పటి నుంచి ఇంకో ఇబ్బంది వచ్చింది. జేబులో, చేతి సంచిలో చాకు మరిచిపోయి తనిఖీ దగ్గర వదిలేసి వచ్చినవారు మా సంఘంలోనే ముగ్గురున్నారు. క్యాబిన్‌లోకి ఏ చాకునూ రానివ్వరు. తీసుకెళ్ళాలంటే చెక్-ఇన్ పెట్టెలో బాగా చుట్టి పెట్టండి.

కొన్న తరువాత పెద్ద పనేమీ లేదు. వాడాక తుడిచి, నెలకోసారి లాకు గాడిలో పాత పళ్ళబ్రష్షు తిప్పి, ఇరుసు మీద ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేయండి. ఒక్క చుక్కే, ఎక్కువైతే దుమ్ము పట్టుకుంటుంది. పిడిలో కొబ్బరినూనె వేస్తే చలికాలంలో గడ్డకట్టి జిగురవుతుంది. స్క్రూ మాటిమాటికీ వదులవుతుంటే నీలం రంగు స్క్రూ జిగురు ఒక చిన్న బొట్టు చాలు. ఎరుపు రంగుది వేస్తే మళ్ళీ ఊడదు.

సంఘం సమావేశానికి వచ్చేటప్పుడు మీ ఇంటి చాకులు గుడ్డలో చుట్టి తేవచ్చు. ఊపు పక్కలదో, పైకీ కిందకీ ఉన్నదో చూసి చెబుతాం. పెద్దాయన పాత చాకు సంఘం బీరువాలోనే ఉంది, చెడిపోయిన లాకు ఎలా ఉంటుందో చేతితో పట్టి చూడాలనుకునేవారికి అది చూపిస్తాం.