అనకాపల్లి గవరపాలెము: పూర్వచరిత్ర

మన కులమువారు పెక్కుతరములుగా కాపురముండు అనకాపల్లి గవరపాలెమును గూర్చి ఈ మహాసభా సంచికయందు నాలుగు మాటలు వ్రాయఁబూనితిమి. ఈ పేట పుట్టుకను గూర్చి వృద్ధులు చెప్పుకొను కథ, 1909వ సంవత్సరమున చెన్నపురి ప్రభుత్వ ముద్రాక్షరశాలయందు అచ్చైన థర్‌స్టన్, రంగాచారి గార్ల కులచరిత్ర గ్రంథమున, రెండవ సంపుటమునందు ఎక్కియున్నది.

కథ యిది. పూర్వము మనవారు వేంగియందుండిరి. ఘోషాలో నుండు మన స్త్రీ నొకతెను చూడవలెనని రాజు కోరఁగా పెద్దలు సమ్మతింపరైరి. రాజాజ్ఞచే వారి యిండ్లకు నిప్పు పెట్టఁబడెను. కొందఱు తలుపులు బిగించుకొని లోననే ప్రాణములు విడిచిరి. తక్కినవారు స్త్రీలను పెద్దపెట్టెలయందుంచి తాళములు వేసి, సముద్రతీరము చేరి, ఓడలెక్కి పూడిమడకయొద్ద దిగిరి. అటనుండి కొండకర్ల ప్రాంతము చేరి, ఓడలలో వచ్చినవారి యూరగుటచే ఓడపల్లి యను గ్రామమును, పిదప గవర్ల అనకాపల్లిని కట్టిరి. అంతట పాయకరావు ప్రభువు పిలువనంపఁగా ఉత్తరముగా నడచి యీ పట్టణమున గవరపేటను నెలకొల్పిరి.

ఇందలి వేంగి ఘట్టమును అక్షరాలా చరిత్రయని మేము చెప్పఁజాలము. పెనుగొండ వైశ్యుల కన్యకాపరమేశ్వరీ కథయందును రాజు కోరికయు అగ్నిప్రవేశమును గలవు. అదియు గోదావరీ మండలపు కథయే. మఱియు వేంగి రాజధానిగా వెలసినది తూర్పు చాళుక్యుల కాలము. 11వ శతాబ్దికే రాజధాని రాజమహేంద్రవరమునకు మాఱినది. పాయకరావు అన్ననో, నూకాంబికాలయ చరిత్రనుబట్టి 17వ శతాబ్దమున అనకాపల్లి నేలిన కాకర్లపూడి వంశజుఁడు. ఆఱువందల యేండ్లను కథ రెండు గ్రామములలో దాఁటివేసినది!

అయినను దారి మాత్రము కల్పించినది కాదని మా నమ్మకము. పూడిమడక, కొండకర్ల ఆవ, మునగపాక, అనకాపల్లి, ఇవి దక్షిణమునుండి ఉత్తరమునకు వరుసగా నున్నవి. అంతయు ఒక్కదినపు నడక. గవర్ల అనకాపల్లి యను గ్రామము నేటికిని మునగపాక ప్రాంతమున ఆ పేరుతోనే యున్నది. కథ కల్పించువాఁడు ఇట్టి చిన్నయూళ్ళ పేళ్ళు పనిగట్టుకొని చేర్పఁడు. ప్రభువు పిలుపునకు హేతువును ఊహింపవచ్చును: శారదానదీ పరిసరపు సారవంతమైన నేలలకు సేద్యగాండ్రు కావలసి యుందురు.

పేట శంకుస్థాపనను గూర్చి అదే గ్రంథమున చక్కని ముచ్చట యొకటి గలదు. ఊరు కట్టునపుడు వాడుకగా పాలకఱ్ఱ నాటుదురు. మనవారు దానిని మాని, చెదలు పట్టని సండ్రకఱ్ఱను పూజించి నాటిరఁట. అందుచేతనే అనకాపల్లి యెల్లప్పుడు వర్ధిల్లుచున్నదని చెప్పుదురు. కఱ్ఱ గుణ మెఱిఁగిన రైతుల మాట యిది. పురోహితుల మాట కాదు.

ఆ వృద్ధికి కఱ్ఱతోపాటు చెఱకును కారణము. అనకాపల్లి బెల్లపు సంత దేశమంతట పేరొందినది. 1913లో ఇచ్చట చెఱకు పరిశోధనాక్షేత్రము ఏర్పడినది. చేలలో మగవారితో సమముగా పాటుపడి, కూరగాయల తట్టలు తల నిడుకొని బజారునకు నడచిన మన యిండ్ల స్త్రీలను తలఁచినపుడు, పెట్టెలలో దాఁగిన స్త్రీల కథ మాకు వింతగా తోఁచును. పేట నిలుచుటకు వారి పాటెంతయో చెప్పు కథ వేఱుగా నుండవలసినది. ముదుసలి అవ్వలు బ్రదికి యుండఁగానే కుటుంబములవారు వారినుండి అట్టి మాటలు వ్రాసికొనవలెనని మా ప్రార్థన. ఇప్పటికి మనకు దక్కినది పురుషుల నోటి కథయే.

ఇఁక పేరు. గ్రంథమున గవరపేట, జనుల నోట గవరపాలెము. పాలెమనఁగా పెద్దయూరి నంటియుండు శివారుపల్లె గనుక, పట్టణము పెరిఁగి కలుపుకొనకముందు ఇది వేఱుగా నుండినదని మా యభిప్రాయము. 2013లో అనకాపల్లి పురపాలకసంఘము విశాఖ మహానగరమునఁ గలిసినది. 2022 ఏప్రిలు 4న అనకాపల్లి జిల్లా కేంద్రమైనది. కొత్త అమావాస్యకు నూకాలమ్మ తీర్థమునకు వచ్చు యాత్రికులు మాత్రము నేటికిని గవరపాలెమనియే దారి యడుగుచున్నారు.