మామ్మ వేలు, దొర తెలివి

పోయిన సంక్రాంతికి రాజోలు వెళ్ళినప్పుడు మా మామ్మ ట్రంకుపెట్టె అడుగునుంచి కొబ్బరితోట దస్తావేజు తీసి చూపించింది. స్టాంపు కాయితం మీద నల్లగా బొటనవేలి ముద్ర. మామ్మకి సంతకం రాదు. "రాకపోతే ఏంటంట? నా వేలు నాతోనే ఉంటాది కదరా అబ్బాయ్, ఎవడెత్తుకుపోతాడు?" అంది. కంప్యూటర్ల మీద బతికేవాణ్ణి కదా, చప్పున అవునని అనలేకపోయాను.

కాస్త వెనక్కి వెళ్దాం. 1858లో బెంగాల్లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే దొర, రోడ్డు కంకర కోసం రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టరుతో ఒప్పందం రాయించుకున్నాడు. సంతకం చాలదన్నట్టు, అరచేతికి సిరా పూసి కాయితం మీద అచ్చు వేయించాడు. అందులో శాస్త్రమేమీ లేదు. రేపు "ఆ సంతకం నాది కాదు" అని బుకాయించకుండా బెదిరించడానికంతే! 1877లో హుగ్లీలో మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు అదే దొర పింఛనుదార్లకీ, రిజిస్ట్రేషన్లకీ వేలిముద్రలు పెట్టాడు. పోయినవాళ్ళ పింఛను వేరేవాళ్ళు పట్టుకుపోకుండా అన్నమాట. ఇరవై ఏళ్ళకి, 1897లో, కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వచ్చింది. ముద్రల్ని వర్గీకరించే లెక్కలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల కష్టం చాలా ఉంది. పద్ధతికి మాత్రం పై అధికారి హెన్రీ పేరు పడింది. ఇదీ ఒక రకం ఐడెంటిటీ థెఫ్టే అంటాన్నేను :)

మనవైపుకొస్తే, 2001లో రిజిస్ట్రేషన్ చట్టానికి 32ఎ అనే సెక్షను చేర్చారు. భూమి అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఫొటోలూ వేలిముద్రలూ ఇవ్వాల్సిందే. కోనసీమవాళ్ళకి దీని అవసరం వేరే చెప్పాలా? మనిషి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు, తోట మలికిపురంలో ఉంటుంది. వాడి పేరుతో ఇంకొకణ్ణి నిలబెట్టి అమ్మేస్తే దిక్కెవరు?

బావుంది. తర్వాత ఆ దస్తావేజుల్ని స్కాన్ చేసి నెట్లో పెట్టారు. ముద్రతో సహా! అదీ అసలు తప్పు.

2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ సైటులోంచి దస్తావేజులు దింపుకుని, రబ్బరు స్టాంపులు చేసే మిషనుతో ఆ ముద్రల్ని పోతపోశాడు. వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఎందుకయ్యా అంటే, సేల్స్ టార్గెట్ కోసం! 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఇంకో మెట్టు ఎక్కింది. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ సైటులోని ముద్రలతో జనం బ్యాంకు ఖాతాల్లో డబ్బు లాగేశారు. ఆధార్‌తో నడిచే ఆ చెల్లింపులకి పిన్నూ ఓటీపీ అక్కర్లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు చాలు. నంబరూ వేలూ ఒకే కాయితం మీద దొరికితే దొంగకి ఇంకేం కావాలి?

పరాయివాడు మనమని చెప్పుకోకుండా పెట్టిన తాళమే, పరాయివాడికి తాళంచెవి అయింది. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం, మామ్మ వేలు మార్చగలమా? ఐటీ చట్టం 66సి కింద మూడేళ్ళ దాకా జైలు వెయ్యొచ్చు, 2009 నుంచీ ఉంది. 2023లో ఆధార్ సంస్థ, పెట్టింది నిజమైన వేలా రబ్బరుదా అని చూసే పరీక్ష తెచ్చింది. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చెయ్యాలి. ఇవన్నీ మంచివే. కానీ నాకు తోచిన గట్టి ఉపాయం ఒకటే, ఎమ్ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్స్‌కి లాకు వెయ్యడం. పండక్కి ఉన్న నాలుగు రోజుల్లో మామ్మకి అదే చేశాను.

ఇప్పుడు తమాషా చూడండి. ఒకటో తారీకు పొద్దున్నే సచివాలయం అమ్మాయి పింఛనుతో వస్తుంది. ఆ వేళకి లాకు తీసి ఉండాలి. ఓటీపీ వచ్చేది హైదరాబాదులో నా ఫోనుకి. పోయిన నెల మీటింగులో ఉండి చూసుకోలేదు. ఆ అమ్మాయి రెండుసార్లు మిషను పెట్టి చూసి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయిందట.

"దొంగోడి సంగతేమో గానీ, నాకే తాళం ఏసేశావురా" అంది మామ్మ ఫోన్లో.