అరుగు నుండి ర్యాంపు వరకు

పదవీ విరమణ చేసిన మనబోటి వారి దినచర్యలో ఉదయపు నడక ఒక ముఖ్యమైన భాగం. డాక్టరు చెప్పినా, చెప్పకపోయినా నడుస్తాం. అయితే నగరంలోని ఏ కాలనీలోనైనా కాలిబాట దిగకుండా వంద గజాలు నడవగలిగినవారు మనలో ఎందరున్నారు? ఒక ఇంటి ముందు ర్యాంపు, పక్క ఇంటి ముందు పూలకుండీలు, ఆ పక్క ఇంటి ముందు గుడ్డ కప్పిన కారు. ఎక్కుతూ, దిగుతూ చివరకు నడిరోడ్డు మీదికి వస్తాం. ఈ వయసులో ఒకసారి కాలు జారి తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో మన సభ్యులకు వేరుగా చెప్పనవసరం లేదు.

ఇది కార్లు పెరగడం వలన వచ్చిన కొత్త తగవు అని సాధారణంగా అనుకుంటాం. కాని ఇంటికీ వీధికీ మధ్యనున్న ఆ నాలుగడుగుల జాగా ఎవరిదన్న ప్రశ్న చాలా పాతది. దాని చరిత్రను ఒకసారి తిరగవేస్తే, ఇరుగుపొరుగుల మధ్య నేడు జరుగుతున్న వాదాలలో ఎవరి మాట ఎంతవరకు న్యాయమో కొంత తేటపడుతుంది.

కౌటిల్యుని జరిమానాలు

వీధికి అడ్డం పెట్టడం శిక్షార్హమన్నది మనకు ఇంగ్లీషువారు నేర్పిన విషయం కాదు. మనుషులూ, చిన్న పశువులూ నడిచే దారిని అడ్డగించినవానికి 12 పణాలు, పెద్ద పశువుల దారిని అడ్డగించినవానికి 24 పణాలు జరిమానా అని కౌటిల్యుని అర్థశాస్త్రం విధించింది. వీధిలో దుమ్ము పోసినవానికి పణంలో ఎనిమిదో వంతు, బురద నీళ్లు నిలిచేటట్లు చేసినవానికి పావు పణం. అదే పని రాజమార్గంలో చేస్తే రెట్టింపు. ఇంటి యజమానికి తన గుమ్మం ముందున్న వీధి మీద ప్రత్యేక హక్కు ఏదీ ఆ శాస్త్రం ఇవ్వలేదు. వీధి నడిచేవారిది.

అరుగుల కాలం

మన చిన్నతనంలో ఊళ్లలో ఇంటి ముందు రెండు వైపులా అరుగులుండేవి. కట్టించినదీ, అలికినదీ, ముగ్గు వేసినదీ ఇంటివారే. కాని దాని మీద కూర్చునే హక్కు దారిన పోయేవారందరికీ ఉండేది. బాటసారి మూట దించుకునేది అక్కడే, పంతులుగారు వీధిబడి నడిపేదీ అక్కడే, సాయంత్రం పెద్దలు పత్రిక చదివించుకునేదీ అక్కడే. ఒక విధంగా ఇంటివారు తమ సొంత జాగాలో కొంత భాగాన్ని వీధికి అప్పుగా ఇచ్చినట్లు.

అలాగని ఆ కాలాన్ని మరీ ఆకాశానికెత్తనవసరం లేదు. వీధిలో కాడి దించి బండి వదిలేసినవారూ ఉన్నారు, రాత్రిపూట ఆ నొగలు తగిలి మోకాళ్లు పగిలినవారూ ఉన్నారు. అరుగు కూడా ఏటికి కొంచెం చొప్పున వీధిలోకి జరిగేది. కోస్తా, రాయలసీమ పట్టణాలకు వర్తించిన 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టంలో, వీధిలోకి పొడుచుకు వచ్చిన కట్టడాలను తీసివేయించే నిబంధనలు చేర్చవలసి వచ్చిందంటే కారణం ఇటువంటివే.

హైదరాబాదులో సంగతి కొంత వేరు. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద నగరాన్ని అతలాకుతలం చేసిన తరువాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు వీధులను వెడల్పు చేయడం దాని పనులలో ఒకటి. చార్మినారు దగ్గరి పత్తర్‌గట్టీలో రాతి దుకాణాల వరుస ఆ బోర్డు హయాంలో వచ్చినదే. దుకాణాల ముందు కమానుల కింద జనం ఎండా వానా తగలకుండా నడవడానికి నడవ వదిలారు. నడిచేవాని కోసం జాగా ముందుగా విడిచిపెట్టి, తరువాత కట్టడం కట్టాలన్న ఆలోచన అందులో ఉన్నది.

మన కాలనీలు, మన స్కూటర్లు

1956 నవంబరు 1న రాజధాని కర్నూలు నుండి హైదరాబాదుకు మారింది. దానితో పాటు వేలాది ఉద్యోగుల కుటుంబాలు కదలి వచ్చాయి. తరువాతి మూడు దశాబ్దాలలో హౌసింగు బోర్డు ఇళ్లు, ఉద్యోగుల సహకార సంఘాల లేఅవుట్లు ఎన్నో వెలిశాయి. 200 గజాల స్థలం, ఇల్లు కట్టుకునేందుకు అడ్వాన్సు, జీతంలో నెలనెలా కోత. మనలో చాలామంది కథ ఇదే.

ఆ ఇళ్ల ప్లానులు బయటకు తీసి చూడండి. కారు షెడ్డు చాలా వాటిలో కనిపించదు. కనిపించడానికి కారణమూ లేదు. బజాజ్ స్కూటరు కావాలంటేనే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడవలసిన రోజులవి. సైకిలు వరండాలో ఉండేది, స్కూటరు వస్తే అదీ వరండాలోకే ఎక్కేది. ముప్పై అడుగుల రోడ్డు ఖాళీగా ఉండేది. పిల్లలు అక్కడ గోలీలాడారు, మన ఆడపిల్లల పెళ్లిపందిళ్లు అక్కడే వేశాం.

1983 డిసెంబరు 14న మొదటి మారుతీ 800 కారు తాళాలను ప్రధాని ఇందిరాగాంధీ కొన్నవారి చేతికి ఇచ్చారు. పొడవు సుమారు 11 అడుగులు, వెడల్పు 5 అడుగుల లోపు. మధ్యతరగతి మనిషి కారు కొనడం ఆనాటితో ఊహకు అందింది. 1991 ఆర్థిక సంస్కరణల తరువాత కంపెనీలు పెరిగాయి, బ్యాంకు అప్పులు తేలికయ్యాయి. పిల్లలు ఉద్యోగాలలో చేరి కార్లు కొన్నారు. సంతోషించాం. కొబ్బరికాయ కొట్టాం. అయితే దానిని రాత్రి ఎక్కడ నిలుపుతామన్నది ఆనాడు ఎవరమూ అడగలేదు.

ఇక్కడ మన తప్పు కూడా ఒప్పుకోవాలి. ఇంటి పక్కన కొద్దోగొప్పో ఖాళీ ఉన్నవారం దానిని గదిగా మార్చి అద్దెకిచ్చాం. వాన నీరు లోపలికి రాకుండా గచ్చు ఎత్తు చేసి, ఆ ఎత్తుకు సరిపడే ర్యాంపును గేటు బయట, కాలిబాట మీద పోయించాం. కొందరం పాత ఇల్లు బిల్డరుకిచ్చి అపార్టుమెంటు కట్టించాం. ఒక కుటుంబం ఉన్న చోట పది కుటుంబాలు వచ్చాయి. రోడ్డు మాత్రం అప్పటి ముప్పై అడుగులే. వెనుకటి తరం అరుగు వేసి తన జాగాను వీధికిచ్చింది. మన తరం ర్యాంపు వేసి వీధి జాగాను ఇంటిలో కలుపుకుంది.

చట్టం ఏమంటుంది?

“మా ఇంటి ముందు మీ కారు పెట్టవద్దు” అన్నది ప్రతి వీధిలో వినిపించే మాట. ఇందులో సగమే నిజం. ఆమోదం పొందిన లేఅవుటులో రోడ్లు స్థానిక సంస్థకు దఖలుపడతాయి. ఇంటి యజమానికి ఉన్నది తన గేటు గుండా అడ్డంకి లేకుండా వచ్చి పోయే హక్కు. అందుచేత గేటుకు అడ్డంగా కారు పెట్టినవాడు తప్పు చేసినట్లే. గోడ పక్కన, దారికి అడ్డం లేకుండా పెట్టినవాడు మాత్రం మన సొత్తును ఆక్రమించినట్లు కాదు. అతడిని రానీయకుండా మనం రోడ్డు మీద పెట్టే రాళ్లు, డ్రమ్ములు, కుండీలు కూడా ఆక్రమణలే. 1955 నాటి హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం, వీధిలో అడ్డంగా వేసిన మెట్లు, కంచెలు, స్తంభాల వంటివాటిని నోటీసు లేకుండానే తీసివేయించే అధికారాన్ని కమిషనరుకు ఇచ్చింది.

వాహనాల విషయానికి వస్తే, 1988 మోటారు వాహనాల చట్టం 122వ సెక్షను ఇతరులకు ప్రమాదం, అడ్డంకి కలిగేటట్లు బండి నిలపడాన్ని నిషేధించింది. 127వ సెక్షను అటువంటి బండిని లాగించివేసే వీలు కల్పించింది. 1989 నాటి రోడ్డు నియమాలు కాలిబాట మీద, ఇళ్ల ప్రవేశానికి అడ్డంగా, నిలిపి ఉన్న మరొక బండికి సరిగ్గా ఎదురుగా నిలపరాదన్నాయి. 2017లో వీటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చినా, కాలిబాటకూ ప్రవేశ ద్వారానికీ రక్షణ కొనసాగింది. దారికి అడ్డం కలిగించినవానికి 1860 నాటి శిక్షాస్మృతి విధించిన జరిమానా గరిష్ఠంగా 200 రూపాయలు. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత దానిని 5,000 రూపాయల వరకు పెంచింది. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, అడ్డంకులు లేని కాలిబాట పొందడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది.

జపాను దేశం మరొక దారి తొక్కింది. 1962లో చేసిన చట్టం ప్రకారం అక్కడ కారు కొనేవాడు దానిని నిలుపుకునే చోటు తనకు ఉన్నదని రుజువు చూపాలి. ఆ చోటు ఇంటికి 2 కిలోమీటర్ల లోపు ఉండాలి. మనం ముందు కారు కొని, తరువాత చోటు కోసం పొరుగువారితో తగవు పడతాం.

ఒక చిన్న లెక్క

గుమాస్తాగిరీ చేసిన చేతులు కనుక లెక్క వేసి చూద్దాం. రోడ్డు 30 అడుగులు. రెండు వైపులా మూడేసి అడుగుల ర్యాంపులు పోతే 24. రెండు వైపులా ఆరేసి అడుగుల మేర కార్లు నిలిపితే మిగిలేది 12. మన నిబంధనల ప్రకారం పెద్ద వాహనం వెడల్పు 2.6 మీటర్ల వరకు, అంటే ఎనిమిదిన్నర అడుగుల వరకు ఉండవచ్చు. ఫైరింజను ఎలాగో దూరుతుంది. ఒక్క మోటారుసైకిలు అడ్డంగా ఉంటే ఆగిపోతుంది.

అదే 20 అడుగుల వీధిలోనైతే మిగిలేది 2 అడుగులు. ఒక వైపే కార్లు పెట్టినా, ర్యాంపులు అలాగే ఉంటే 8 అడుగులు. అదీ చాలదు. ర్యాంపులు గేటు లోపలికి జరిపి, ఒక వైపే నిలిపితే 14 అడుగులు. కనుక కారున్నవాడొక్కడే దోషి కాదు, ర్యాంపు వేసినవాడికీ ఇందులో భాగం ఉన్నది.

మా వీధిలో

ఈ లెక్క నేను కాగితం మీద నేర్చుకోలేదు. మాది 20 అడుగుల వీధే. మా వరుసలోని ఒక విశ్రాంత ఉద్యోగికీ ఎదురింటివారికీ కారు విషయమై మాటలు లేక ఏడాది దాటింది. ఒక రాత్రి ఆయన భార్యకు గుండెనొప్పి వచ్చింది. అంబులెన్సు వీధి మలుపు దగ్గరే ఆగిపోయింది. లోపలికి రావడానికి దారి లేదు. స్ట్రెచరు మీద ఆమెను మోసుకుపోవలసి వచ్చింది. ముందు వైపు పట్టుకున్నది ఎదురింటి అబ్బాయే. ఆమె కోలుకున్నారు. కాని ఆ మలుపు వరకు నడిచిన ఆ కొద్ది నిమిషాలు మాలో ఎవరమూ మరువలేదు.

ఆ ఆదివారం పన్నెండు ఇళ్లవారం ఒక వరండాలో కూర్చున్నాం. కార్లన్నీ ఒక వైపే నిలపాలి. గేట్ల ముందు రాళ్లు తీసివేయాలి. కారు అద్దం మీద యజమాని ఫోను నంబరు ఉండాలి. ఇంటికి మళ్లీ మరమ్మతు చేయించినప్పుడు ర్యాంపు గేటు లోపలికి జరపాలి. మొదటి మూడూ అమలయ్యాయి. నాలుగోది ఇంతవరకు నాలుగిళ్లవారే చేశారు. అందులో మా ఇల్లు ఆలస్యంగానే చేరిందని ఒప్పుకుంటున్నాను.

చట్టాలున్నాయి, జరిమానాలున్నాయి. అవసరమైతే ఫిర్యాదు చేయవలసిందే. కాని మన పిల్లలు చాలామంది దూరదేశాలలో ఉన్నారు. అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చేది పొరుగువాడే. అతనితో మాట్లాడవలసిన మాట పగలే మాట్లాడుకోవడం మేలు. సంఘ సభ్యులు తమ తమ వీధులలో ఈ మాట మొదలుపెట్టవలసిందిగా, ముందుగా తమ గేటు బయటకు వచ్చి తమ ర్యాంపు ఎన్ని అడుగులున్నదో టేపుతో కొలిచి చూసుకోవలసిందిగా మనవి.