పహాణీలోని గడులు

మేడ్చలు, కొంపల్లి, శామీరుపేట ప్రాంతములవారికి పహాణీ క్రొత్త కాదు. మొదటి సాలార్‌జంగు నిజాము దివానుగా నుండిన 1853–1883 సంవత్సరముల నడుమ ఈ రాజ్యమున భూముల సర్వే మొదలయ్యెను. నాటినుండి లెక్క గడులలోనికి వచ్చెను.

పట్టాదారు గడి యొక్కటే. తండ్రి గతించి విరాసతు జరిగినంతనే అందలి పేరు మాఱును. గడి నిలిచి, లోపలి విలువ మాఱునట్టి దానినే కంప్యూటరు విద్యలో చలరాశి యందురు.

ప్రతి గడికి నొక రకము గలదు. పేరు అక్షరములు. సర్వే నెంబరు అంకెలుగా దోచినను గుర్తు మాత్రమే. దానిని కూడుట వ్యర్థము. నిషేధిత భూమియా అను ప్రశ్నకు అవును, కాదు అను రెండే జవాబులు. విస్తీర్ణము సంఖ్య, అచ్చటనే ప్రమాదము. పహాణీలో 1.20 అనగా ఒక ఎకరము ఇరువది గుంటలు. ఎకరమునకు 40 గుంటలు గావున అది ఎకరమున్నర. దశాంశముగా లెక్కించినచో 12 గుంటలు కాగితముపై మాయమగును!

2020 అక్టోబరు 29న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని మూడుచింతలపల్లిలోనే ధరణి ప్రారంభమయ్యెను. 2025 ఏప్రిలు 14న దాని స్థానమున భూభారతి వచ్చెను. పద్ధతి యేదైనను, గడి రకము తప్పినచో రైతుకే నష్టము. ప్రోగ్రామింగు నేర్చు మనుమలకు మీ పహాణీనే తొలి పాఠముగా జూపుడు.