ఛందస్సు మీద గుత్తహక్కు

కంప్యూటర్ ప్రోగ్రాముల గొడవలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికేం పని అని మిత్రులు అడగవచ్చు. పని ఉంది. మన 1957 కాపీరైటు చట్టాన్ని 1984లో సవరించినప్పుడు కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల కిందనే చేర్చారు. 1995 నుండి అమలులో ఉన్న ట్రిప్స్ ఒప్పందం కూడా ప్రోగ్రామును సాహిత్య రచనగానే కాపాడమంటుంది. అంచేత చట్టం దృష్టిలో పద్యం రాసే కవీ, ప్రోగ్రాము రాసే నా విద్యార్థీ ఒకే పంక్తిలో కూర్చున్నారు. అయితే కవికి ఎన్నడూ ఎదురుకాని బెడద ఒకటి ఆ విద్యార్థిని వెంటాడుతోంది. దాని పేరు పేటెంటు.

కాపీరైటుకూ పేటెంటుకూ తేడా ఏమిటి? గురజాడ 1910లో ముత్యాల సరాలు ప్రకటించారు. ఆ పద్యాలను ఎత్తి రాసుకుని నా పేరు పెట్టుకుంటే అది దొంగతనం. కాపీరైటు ఆపేది ఈ దొంగతనాన్నే. కాని ఆ నడకలో నా పద్యం నేను రాసుకుంటే అది దొంగతనమా? కాదు, అదే సాహిత్య చరిత్ర. తర్వాతి కవులెందరో ఆ పనే చేశారు. ఇప్పుడు ఆ నడక మీద ఇరవై ఏళ్ల పేటెంటు ఉందనుకోండి. 1930 దాకా ప్రతి కవీ అనుమతి తెచ్చుకుని, రుసుము కట్టి గాని కలం పట్టడానికి లేదు. గురజాడ 1915లోనే కన్నుమూశారు గనుక ఆ హక్కు ఏ వర్తకుడి పెట్టెలోకో చేరి ఉండేది. అంతకంటె దారుణం మరొకటి ఉంది. గురజాడ పేరు కూడా వినకుండా, ఆ నడకను తనంతట తానే కనిపెట్టుకున్న పల్లెటూరి కవి సైతం దోషి అవుతాడు. నేను స్వతంత్రంగా కనిపెట్టాను అన్న మాట పేటెంటు దావాలో సమాధానం కాదు. కాపీరైటు పద్యానికి కాపలా. పేటెంటు ఛందస్సుకే కంచె.

ఈ కంచె ఎక్కడ పుట్టింది? ఎలిజబెత్ రాణి కాలపు ఇంగ్లండులో ఉప్పు మీద, గంజిపిండి మీద, చివరకు పేకముక్కల మీద కూడా ఆశ్రితులకు గుత్తలు ఇచ్చేవారు. ఖజానాకు సొమ్ము, ఆశ్రితులకు లాభం, ప్రజలకు ధరల భారం. 1624లో పార్లమెంటు ఈ గుత్తలను రద్దు చేస్తూ, కొత్త వస్తువు కనిపెట్టినవాడికి మాత్రం 14 ఏళ్ల హక్కును మినహాయించింది. ఈనాటి పేటెంటు చట్టాలకు మూలం ఆ మినహాయింపే. గుత్త వద్దన్నది నియమం, పేటెంటు అందులో మినహాయింపు. ఈనాడు కంపెనీల వకీళ్లు మినహాయింపును జన్మహక్కుగా చూపిస్తున్నారు గనుక ఈ వరసను గుర్తుంచుకోవాలి.

మన దేశానికి ఈ చట్టం 1856లో కుంఫిణీ పాలనలో వచ్చింది. దాని కింద కలకత్తాలో వేసిన తొలి దరఖాస్తు పంకా లాగే యంత్రం కోసం. పంకా లాగే కూలీ సుఖం కోసం కాదు, పంకా కింద కూర్చునే దొర సుఖం కోసం. స్వాతంత్ర్యం వచ్చాక రాజగోపాల అయ్యంగార్ 1959లో నివేదిక ఇచ్చారు. దాని పునాదిగా వచ్చిన 1970 చట్టం మందుల మీద పేటెంటును తొలగించి, తయారీ పద్ధతికి మాత్రమే ఉంచింది. మన మందుల పరిశ్రమ పెరిగింది ఆ నేల మీదే. పేటెంటు లేకపోతే పరిశ్రమ లేదనే వాదానికి ఇంతకంటె జవాబేముంది?

సాఫ్ట్‌వేర్ పేటెంటు కథలో పెద్ద మలుపులు మాత్రం అమెరికాలో వచ్చాయి. 1968లో మార్టిన్ గోయెట్జ్ అనే ప్రోగ్రామరు, సమాచారాన్ని వరస పెట్టే పద్ధతికి పేటెంటు పొందాడు. ఆయనది చిన్న సంస్థ. యంత్రం కొన్నవారికి ఐబీఎం ప్రోగ్రాములను ఉచితంగా ఇస్తున్నప్పుడు విడిగా ప్రోగ్రాములు అమ్ముకునేవాడు బతకడం ఎలా? పేటెంటు చిన్నవాడి ఆయుధం అనే వాదానికి బలం ఇక్కడే ఉంది. దాన్ని తేలికగా తోసిపారేయడం నిజాయితీ కాదు. కాని చివరకు చిన్న సంస్థకు దారి తెరిచింది ఏమిటి? 1969లో అమెరికా ప్రభుత్వం ఐబీఎం గుత్తాధిపత్యం మీద దావా వేసింది. గోయెట్జ్ సంస్థ కూడా వేసింది. ఆ ఏడాది జూన్‌లోనే ఐబీఎం ప్రోగ్రాములకు విడిగా ధర కడతామని ప్రకటించింది. దారి తెరిచింది కొత్త గుత్త కాదు, పాత గుత్త మీద పోరాటం.

అప్పట్లో ఐబీఎం కూడా ప్రోగ్రాముల పేటెంట్లకు వ్యతిరేకమే! అంకెలను ఒక సంకేతం నుండి ద్విసంఖ్యామానంలోకి మార్చే పద్ధతికి పేటెంటు ఇవ్వరాదని 1972లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసులో ఇవ్వవద్దనే పక్షానే ఐబీఎం తన వాదం సమర్పించింది. అదే ఐబీఎం 1993 నుండి 2021 దాకా ఏటా అమెరికాలో అందరికంటె ఎక్కువ పేటెంట్లు పొందింది. ఈ మధ్యలో గణితం మారిందా? లేదు, మార్కెట్టు మారింది. యంత్రం అమ్మడమే లాభమైనప్పుడు ప్రోగ్రాము స్వేచ్ఛగా ఉండాలి. ప్రోగ్రామే లాభమైనప్పుడు దానికి కంచె కావాలి. కోర్టులూ వెనకే నడిచాయి. 1981లో రబ్బరును పదును చేసే యంత్రంతో కలిసిన ప్రోగ్రాముకు సుప్రీంకోర్టు తలుపు కొద్దిగా తీసింది. 1998లో మరో కోర్టు, పేటెంటు కేసుల అప్పీళ్లు వినేది, వ్యాపార పద్ధతులకు కూడా ఆ తలుపు బార్లా తీసింది. మరుసటి ఏడే, ఒక్క మీట నొక్కి సరుకు కొనే పద్ధతికి అమెజాన్ పేటెంటు పొందింది, నెల తిరగక ముందే పోటీదారు మీద దావా వేసింది.

ఈ కంచె సామాన్యుడికి ఎలా తగిలిందో చెప్పడానికి జిఫ్ బొమ్మల కథ చాలు. సమాచారాన్ని కుదించే ఒక పద్ధతిని 1978లో లెంపెల్, జివ్ అనే ఇజ్రాయెలీ శాస్త్రజ్ఞులు ప్రచురించారు. టెరీ వెల్చ్ దాన్ని మెరుగు పరిచి 1984లో వ్యాసంగా లోకానికి చెప్పాడు. చదివినవారు వాడుకున్నారు. జిఫ్ బొమ్మలు 1987లో ఆ పద్ధతి మీదనే పుట్టాయి. కాని 1985లోనే దాని మీద పేటెంటు పుట్టి, సంస్థల విలీనంలో యూనిసిస్ చేతికి వచ్చింది. 1994 డిసెంబరులో, జిఫ్ ప్రపంచమంతా అల్లుకున్నాక, దాన్ని వాడే ప్రోగ్రాములు రుసుము కట్టాలన్న ప్రకటన వెలువడింది. పంట ఏపుగా పెరిగాక పొలం తనదన్నట్టు! దానికి జవాబు కోర్టులో కాదు, సమష్టి శ్రమలో వచ్చింది. 1995 జనవరిలో కొందరు ప్రోగ్రామర్లు కలిసి పేటెంటు లేని పీఎన్‌జీ రూపానికి శ్రీకారం చుట్టారు. అమెరికాలో యూనిసిస్ పేటెంటు గడువు 2003లో తీరింది. పీఎన్‌జీ నేటికీ అందరిదీ.

2005 ఈ చరిత్రలో గొప్ప సంవత్సరం. సాఫ్ట్‌వేర్ పేటెంట్లకు దారి వేసే ముసాయిదాను జూలై 6న ఐరోపా పార్లమెంటు 648–14 ఓట్లతో తోసిపుచ్చింది. అంతకు కొద్ది నెలల ముందే మన పార్లమెంటులో అలాంటి పోరే జరిగింది. 2002లో సవరించిన మన చట్టం 3(కె) సెక్షను ప్రకారం గణిత పద్ధతులు, వ్యాపార పద్ధతులు, అల్గారిథమ్‌లు పేటెంటుకు అర్హం కావు. కంప్యూటర్ ప్రోగ్రాము ‘పెర్ సే’, అంటే దానికదిగా, అర్హం కాదు. 2004 డిసెంబరులో, మందుల పేటెంట్ల గడువు ముంచుకొచ్చిందన్న నెపాన ఆర్డినెన్సు తెచ్చి, మందుల చాటున మరో మాట దూర్చారు. పరిశ్రమలో సాంకేతికంగా వాడే ప్రోగ్రాముకూ, యంత్రభాగాలతో కలిసిన ప్రోగ్రాముకూ పేటెంటు ఇవ్వవచ్చునట! యంత్రంతో కలవని ప్రోగ్రాము ఎక్కడైనా ఉందా? అప్పటి ప్రభుత్వం వామపక్షాల మద్దతు మీద నిలిచి ఉంది. బయట ప్రజాసంఘాలు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు వ్యతిరేకించారు. 2005లో చట్టం ఆమోదం పొందేనాటికి ఆ మాటలు తొలగిపోయాయి.

తలుపున పోయినది కిటికీన వచ్చింది. 2015 ఆగస్టులో పేటెంటు కార్యాలయం తన పరీక్షకులకు ఇచ్చిన మార్గదర్శకాలు పాత ఆర్డినెన్సు వాసన వేశాయి. నిరసనలు రాగా డిసెంబరులో వాటిని ఆపారు. 2016 ఫిబ్రవరిలో, కొత్త యంత్రభాగం లేనిదే ప్రోగ్రాముకు పేటెంటు లేదన్న నిబంధన వచ్చింది. 2017 జూన్‌లో అది మాయమైంది. ‘సాంకేతిక ఫలితం’ ఉన్న ప్రోగ్రాములకు నిషేధం లేదని 2019లో ఢిల్లీ హైకోర్టు అన్నది. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు, అర్థం మారుతూ వచ్చింది. పార్లమెంటులో గెలిచి కార్యాలయంలో ఓడడం అంటే ఇదే.

కంచె పడగొడితే పొలం దున్నేవాడిది అయిపోతుందని నేను భ్రమపడడం లేదు. అపార సమాచారాన్నీ, యంత్రాలనూ చేతిలో పెట్టుకున్న కంపెనీలు పేటెంటు లేకుండానే గుత్తాధిపత్యం చెలాయించగలవు. కాని గదిలో కూర్చుని తన బుద్ధితో ఒక లెక్క కట్టుకున్న విద్యార్థి, ఎన్నడూ చూడని కాగితానికి బాకీపడే స్థితిని మనం ఒప్పుకోరాదు. ఇందుకు సాహిత్య విద్యార్థులు చేయగల పని ఒకటుంది. పాఠభేదాలు పట్టుకోవడం మనకు వచ్చిన విద్యే గదా! ఏ మాటను ఎవరు చేర్చారు, ఎవరు తీశారు, ఎవరి కోసం అర్థం తిప్పారు అని కావ్యాన్ని చదివినట్టే చట్టాన్నీ చదవాలి. ‘పెర్ సే’ అనేవి రెండు చిన్న మాటలే. వాటి అర్థం ఎవరు చెబుతారన్న దాని మీద మన పిల్లల చేతిపని ఎవరిదన్నది ఆధారపడి ఉంది.