చదరంగపు చివరి ఘట్టము – గణన యంత్రము

చదరంగము ఆడు వారందరకును ఒక అనుభవము కలదు. ఆట ప్రారంభమున బల్లపై ముప్పదిరెండు పావులు కిక్కిరిసి యుండును. కొంత సేపటికి మంత్రులు, గుర్రములు, శకటులు వెడలిపోయి, ఇరుపక్షములను రాజు, ఒక ఏనుగు, ఒకటి రెండు బంటులు మాత్రమే మిగులును. పావులు తగ్గినవి గనుక ఆట సులభమైనదని చూచువారు తలంతురు. ఆడువానికి చెమటలు పట్టుట అప్పుడే మొదలగును. ఒక బంటు అధికముగా గలవాడు గెలుచునా, లేక ఆట డ్రా అగునా? ఈ చిన్న ప్రశ్న మానవులను శతాబ్దముల తరబడి వేధించినది. యంత్రములను సయితము తికమక పెట్టినది. ఆ కథను ఇచ్చట తెలిసికొందము.

మొదటి యంత్రము కంప్యూటరు కాదు. స్పెయిను దేశపు ఇంజనీరు లియొనార్డో టోరెస్ క్వెవెడో 1912లో ఒక విద్యుద్యంత్రమును నిర్మించి, 1914లో ప్యారిస్ నగరమున ప్రదర్శించెను. యంత్రమునకు తెల్లరాజు, ఒక ఏనుగు. ఎదుటి మనుష్యునకు నల్లరాజు మాత్రమే. నల్లరాజు ఏనుగును సమీపించినచో ఏనుగు అడ్డముగా దూరము జరుగును. సమీపింపనిచో వరుస వరుసగా నల్లరాజును బల్ల అంచునకు తరుమును. ఇట్టి కొద్ది నియమములతోనే అది తప్పక గెలుచుచుండెను. ఎదుటివాడు నియమవిరుద్ధముగా ఆడినచో దీపము వెలిగించి హెచ్చరించెడిది. అయితే అది అతి తక్కువ ఎత్తులలో గెలిచెడిది కాదు. దానికి తెలిసినది విధానమే గాని, ఉత్తమమైన ఎత్తు కాదు. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలెను.

ఇరువైపుల ఏనుగులుండి, ఒకవైపు బంటు ఉన్నప్పుడు సంగతి ఇంత తేలిక కాదు. ఇచ్చట మానవులు రెండు సూత్రములను కనుగొనిరి. మొదటిది, ఫ్రెంచి ఆటగాడు ఫిలిడార్ 1777లో వివరించిన రక్షణ పద్ధతి. బంటు లేనివాడు తన ఏనుగును తన అంచునుండి మూడవ అడ్డవరుసలో నిలిపి, ఎదుటి రాజును ముందుకు రానీయడు. బంటు ఆ వరుసలోనికి అడుగు పెట్టగనే ఏనుగు బల్ల ఆవలి అంచునకు పోయి, వెనుకనుండి చెక్కులు చెప్పును. దాగుటకు చోటులేక ఆట డ్రా అగును. రెండవది గెలుపు సూత్రము. దీనికి లుసెనా అను స్పెయిను రచయిత పేరు స్థిరపడినది. కాని 1497 నాటి ఆయన గ్రంథములో ఈ స్థితి లేనేలేదు. ఇది 1634లో సాల్వియో అను ఇటలీ రచయిత గ్రంథమున కనిపించును. ఇందులో బంటు ఏడవ వరుసలో నుండును, రాజు దాని ముందు ఎనిమిదవ గడిలో నుండును. గెలువగోరువాడు తన ఏనుగును ముందుగా నాలుగవ వరుసకు చేర్చును. తరువాత రాజు బయటకు వచ్చి చెక్కులకు గురియైనప్పుడు ఆ ఏనుగే అడ్డు వచ్చి కాపాడును. దీనికి ఆటగాండ్రు ‘వంతెన కట్టుట’ అని పేరు పెట్టిరి.

ఇక కంప్యూటరు రంగ ప్రవేశము చేసినది. 1950లో అమెరికా గణితవేత్త క్లాడ్ షానన్ చదరంగమాడు ప్రోగ్రామును గూర్చి ప్రసిద్ధ వ్యాసమును ప్రకటించెను. కొన్ని ఎత్తుల దూరము వరకు అన్ని మార్గములను పరిశీలించి, చివర వచ్చిన స్థితికి మార్కులు వేయవలెనని ఆయన సూచన. మంత్రికి 9, ఏనుగుకు 5, బంటుకు 1, ఇట్లు. ఈ పద్ధతి ఆట మధ్యలో చక్కగా పనిచేసినది. చివరి ఘట్టమున తడబడినది. ఏలన, వంతెన కట్టునప్పుడు ఏనుగును నాలుగవ వరుసకు చేర్చిన ప్రయోజనము సామాన్యముగా తెల్లవాని ఏడవ ఎత్తులో గాని బయటపడదు. ఇరుపక్షముల ఎత్తులు కలిపి లెక్కించినచో అది పదమూడవది. అయిదారు ఎత్తుల దూరమే చూడగల తొలినాటి ప్రోగ్రామునకు ఆ ఏనుగు ఊరక తిరుగుచున్నట్లే తోచును. 1970 దశాబ్దమున హాన్స్ బెర్లినర్ ఇట్టి లోపమునకు ‘దిగంత ప్రభావము’ అను పేరు పెట్టెను. సముద్రతీరమున నిలిచినవానికి దిగంతమునకు ఆవలనున్న ఓడ కనబడదు గదా! ఫిలిడార్ రక్షణ విషయమున చిక్కు వేరు. ఒక బంటు ఎక్కువ గనుక తెలుపునకు ఒక మార్కు అధికమని యంత్రము మురియును. ఆట మాత్రము డ్రాయే.

ముందునకు చూచుటలో చిక్కున్నప్పుడు వెనుకనుండి ఏల రాకూడదు? 1965లో రిచర్డ్ బెల్‌మన్ ఈ మార్గమును సూచించెను. 1970లో జర్మనీలో థామస్ ష్ట్రోలైన్ తన పరిశోధనలో దీనిని ఆచరణలో పెట్టెను. టోరెస్ ఆడించిన రాజు-ఏనుగు, రాజు ఆటనే తీసికొందము. బల్లను త్రిప్పినను, అద్దములో చూచినను ఒకే రీతిగానుండు స్థితులను ఒకటిగా లెక్కించినచో, నల్లవాని ఎత్తుగా నున్న స్థితులు 28,056 మాత్రమే. వీనిలో 27 స్థితులందు ఆట అప్పటికే కట్టినది. ఆ 27 స్థితులలోనికి తెల్లవాడు ఒక్క ఎత్తుతో ఎచ్చటనుండి రాగలడో గుర్తింపుము. ఆ గుర్తించిన స్థితులలోనికే, నల్లవాడు ఏ ఎత్తు వేసినను, పోక తప్పని స్థితులు ఏవి? అవి ‘ఒక ఎత్తులో ఆటకట్టు’ స్థితులు. ఇట్లు మెట్టు మెట్టుగా వెనుకకు పోగా, మిక్కిలి దూరమైనది 16 ఎత్తులలో దొరకును. అట్టి స్థితులు 390. మిగిలిన 2,796 డ్రా. ఇందు ఊహకు తావులేదు.

ఏనుగు-బంటు, ఏనుగు ఆటలో రాజులతో కలిపి పావులు అయిదు. నాలుగు పావులకు 64 గడుల చొప్పున, బంటుకు 48 గడులు. హెచ్చవేసినచో 80 కోట్లకు పైగా వచ్చును. ఎవరి ఎత్తు అనుదానిచే అది రెట్టింపగును, ఎడమ-కుడి సమరూపతచే మరల సగమగును. పైగా బంటు మంత్రిగా మారవచ్చును గనుక ముందుగా మంత్రి, ఏనుగుల ఆట పరిష్కారము కావలెను. ఇంత శ్రమకోర్చి మాస్కోలో ఆర్లజారోవ్, ఫ్యూటర్ అనువారు 1970 దశాబ్దపు చివర ఈ ఆటను కంప్యూటరుతో విశ్లేషించిరి. 2012లో మాస్కో విశ్వవిద్యాలయపు యంత్రముపై ఏడు పావుల పట్టికలు సిద్ధమైనవి. వాని పరిమాణము సుమారు 140 టెరాబైట్లు. 2018లో పూర్తియైన సిజిజీ పట్టికలు ఏడు పావుల ఆటలను సుమారు 17 టెరాబైట్లలో ఇమిడ్చినవి.

అయితే పట్టికకు తెలిసినది మనకు తెలిసినట్లేనా? 1970 దశాబ్దమున కెన్ థాంప్సన్ మంత్రి, ఏనుగుల పట్టికను సిద్ధపరచి, ఏనుగు పక్షమున యంత్రమును నిలిపి, గ్రాండ్ మాస్టర్ వాల్టర్ బ్రౌన్‌తో ఆడించెను. మంత్రి గలవాడు అధికమనిన 31 ఎత్తులలో గెలువవలెను. బ్రౌన్ 50 ఎత్తులలోను గెలువలేకపోయెను. ఏ మానవుడును ఆడని వింత ఎత్తులతో యంత్రము తప్పించుకొనెను. బ్రౌన్ ఇంటికి పోయి, ఆ ఆటను శ్రద్ధగా పరిశీలించి, మరల వచ్చి సరిగా 50వ ఎత్తున గెలిచెను. పట్టిక ఆయనకు జవాబులనే ఇచ్చినది. కారణములను ఆయనయే వెదకికొనెను.

ఆ కారణములను యంత్రముచేతనే వెదకించవచ్చునా అను ప్రశ్నతో ఎడింబరోలో డొనాల్డ్ మిఖీ బృందము ఏనుగు, గుర్రముల ఆటను పరిశోధించినది. అదే ఆటలోని ఉదాహరణములనుండి నియమములను గ్రహించు పద్ధతిని రాస్ క్విన్లన్ రూపొందించెను. అనుభవమునుండి యంత్రములు నేర్చుకొను విద్యకు పునాదులలో ఇదియు ఒకటి.

నేటి ప్రోగ్రాములు ముప్పది, నలువది ఎత్తుల దూరము చూడగలవు. 2020 నుండి స్టాక్‌ఫిష్ వంటివి నాడీజాలముతో మార్కులు వేయుచున్నవి. ఏడు పావులు మిగిలినంతనే పట్టికను సంప్రదించును. కాని ఏనుగుతో నాలుగు బంటులు ఒకవైపు, ఏనుగుతో మూడు బంటులు వేరొకవైపు ఉన్నచో పావులు పదకొండు. అచ్చట పట్టిక లేదు. యంత్రము సయితము అంచనాయే వేయవలెను.

లెక్కల పుస్తకము చివర జవాబులుండును. వానిని చూచి వ్రాసిన విద్యార్థికి మార్కులు రావచ్చును. పరీక్షలో అంకెలు మారినచో చేయి ఆడదు. బ్రౌన్ వలె జవాబునుండి కారణమునకు నడచినవాడే విద్యార్థి. ఉపాధ్యాయులు ఒక చదరంగపు బల్లపై రెండు రాజులను, ఒక ఏనుగును ఉంచి, ఆటకట్టు స్థితినుండి ఒక్కొక్క ఎత్తు వెనుకకు నడిపించి చూపుదురుగాక. మూడవ మెట్టు చేరునప్పటికి పిల్లలే నాలుగవ మెట్టును వెదకుట మొదలిడుదురు.